ఆరో గొంతు

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. మావయ్య ఉండేది జొన్నాడలో, గౌతమి గట్టుకు దగ్గర్లో. ఒకప్పుడు రేడియో మెకానిక్కు. సాయంత్రాలు ఆర్కెస్ట్రాకి కీబోర్డు వాయించేవాడు: పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, శ్రీరామనవమి కచేరీలు. అల్లుడు అంటే ఆయన మేనల్లుడు. హైదరాబాదులో సినిమా పాటలకు ప్రోగ్రామింగ్ చేస్తాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద మూత విప్పిన రోలాండ్ జూనో-106 సింథసైజరు ఉంది. ఈ మోడల్ జపాన్ నుంచి 1984లో వచ్చింది. దాన్ని అమ్మేయాలా, బాగు చేసి ఉంచుకోవాలా అన్నదే తగువు. నా మొగ్గు ఎటో దాచను, సమయం వచ్చినప్పుడు చెబుతాను.

అల్లుడు: మావయ్యా, వరసగా మెట్లు నొక్కండి. ఆ... ఐదు పలికాయి, ఆరోది పలకలేదు. మళ్లీ ఐదు పలికాయి, మళ్లీ ఒకటి మింగేసింది. ఏ పల్లవి ఎత్తుకున్నా మధ్యలో పన్ను ఊడినట్టే వినిపిస్తుంది.

మావయ్య: మెట్టు తప్పు కాదురా అది. పలకని మెట్టునే ఇంకోసారి నొక్కు. చూశావా, పలికింది. లోపల ఆరు గొంతులున్నాయి. నువ్వు నొక్కిన ప్రతి మెట్టునీ వంతులవారీగా ఒక్కో గొంతుకి అప్పగిస్తుంది. ఆరో వంతు ఎవరికొస్తే వాళ్ల స్వరం పోతుంది. ఇప్పుడు స్విచ్ కట్టేసి, ఈ కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని మళ్లీ వేస్తాను. ఇది టెస్ట్ మోడ్. ఎన్నో గొంతు పలుకుతోందో అక్కడ అంకెల్లో చూపిస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు బానే ఉన్నాయి. ఐదు దగ్గర గరగర. ఆరు దగ్గర ఏమీ లేదు.

అల్లుడు: రోగం తెలిసింది, మందు దొరకదు. ఆ గొంతుల ఐసీ చేయడం కంపెనీవాళ్లు ఎప్పుడో మానేశారు. నేను చెప్పిన స్టూడియోవాళ్లు ఉన్నది ఉన్నట్టు తీసుకుంటామన్నారండి. లక్షన్నర పైనే ఇస్తారు. మీరు దీన్ని స్టేజీ ఎక్కించి ఎంత కాలమైంది? అత్తయ్య కూడా ఈ బల్ల ఖాళీ అయితే చాలంటోంది.

మావయ్య: మీ అత్తయ్య ఈ బల్ల సంగతి మా పెళ్లయిన దగ్గర్నుంచీ అంటూనే ఉంది. అప్పుడు దీని మీద రేడియోలుండేవి. నువ్వు డబ్బు మాట తర్వాత చెప్పు. ముందు ఇది ఎందుకు పనికిరాదంటావో చెప్పు.

అల్లుడు: పనికిరాదనలేదు, దీని పని అయిపోయిందంటున్నాను. ఇదే జూనో నా ల్యాప్‌టాప్‌లో ఉంది. రోలాండ్ వాళ్లే సాఫ్ట్‌వేరుగా అమ్ముతున్నారు. అంతకుముందు 2015లో జేయూ-06 అని పుస్తకమంత పెట్టె కూడా తెచ్చారు. కోరస్ బటన్ నొక్కితే వెనకాల సన్నగా వచ్చే బుసతో సహా అందులో ఉంది. మీరు కళ్లు మూసుకోండి, రెండూ వినిపిస్తాను. ఏది ఏదో చెప్పండి చూద్దాం.

మావయ్య: చెప్పలేను. పాటలో డప్పూ గొంతూ కలిశాక అసలే చెప్పలేను.

అల్లుడు: అదేంటండి, ఇంత తేలిగ్గా ఒప్పేసుకున్నారు!

మావయ్య: ఉన్న మాట ఒప్పుకోవడానికేం? అనలాగ్ అంటే వెచ్చదనం, డిజిటల్ అంటే చల్లదనం అని పాట పాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఈ జూనోలో స్వరం పుట్టే చోటే చూడు. తరంగం అనలాగే, కానీ దాని వేగాన్ని పట్టి ఉంచేది డిజిటల్ గడియారం. అందుకే దాన్ని డీసీఓ అన్నారు. అంతకుముందు సింథసైజర్లు స్టేజీ లైట్ల వేడికి శ్రుతి జారేవి. గాయకుడు ఒక దారిన, కీబోర్డు ఒక దారిన పోయేవి. ఇది జారదు. మండపేటలో పెట్రోమాక్స్ లైటు పక్కన పెట్టి వాయించినా జారలేదు. ఫిల్టరు, వాల్యూము, కోరసు మాత్రం పూర్తిగా అనలాగ్. ఆ కోరస్ చిప్పు లోపల జరిగేదేంటో తెలుసా? ఇల్లంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి చెరువు నుంచి బిందెలు చేతులు మార్చుకుంటూ అందిస్తారు చూడు, అలా శబ్దం ఒక బుల్లి కండెన్సరు నుంచి ఇంకోదానికి మారుతూ వెళ్తుంది. ఆ ఆలస్యంతో వచ్చిన శబ్దం అసలు శబ్దంతో కలిసేసరికి ఒక్క వయొలిన్ పదిమంది వయొలిన్లయినట్టు ఉంటుంది. చేతులు మారేటప్పుడు కాస్త నీళ్లు ఒలుకుతాయి కదా, నువ్వన్న బుస అదే.

మావయ్య ఇక్కడ చేసిన పని నాకు చాలా నచ్చింది. పాత పరికరాల మీద ప్రేమ ఉన్నవాళ్లు మొదట ఎత్తుకునే వాదం శబ్దం గురించే. ఆ శబ్దం ఇక రాదు, ఆ ఆత్మ వేరు అంటారు. కళ్లకు గంతలు కట్టి పరీక్ష పెడితే చాలామంది నిలబడలేరు. మావయ్య ఆ కోటను తనంతట తానే వదిలేశాడు. ఇక మిగిలింది గట్టి నేల.

అల్లుడు: శబ్దం ఒకటేనని మీరే అన్నాక మిగిలిందేంటి మావయ్యా?

మావయ్య: నాది అన్న మాట మిగిలింది. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది నీదేనా?

అల్లుడు: డబ్బు కట్టాను కదా.

మావయ్య: ఈ నెల కట్టావు. కట్టడం మానేస్తే?

అల్లుడు: ఆగిపోతుంది. కానీ ఒకేసారి కొనేసేవి కూడా ఉన్నాయండి.

మావయ్య: ఆమధ్య నువ్వే మొత్తుకున్నావు, ఒకేసారి కొన్నవి పోయాయని.

అల్లుడు: అవును. 2019లో ఆపిల్ వాళ్లు కాటలీనా తెచ్చినప్పుడు 32-బిట్ ప్రోగ్రాములు తెరుచుకోవడం మానేశాయి. నేను వాడేవి కొన్ని వాటిలో ఉన్నాయి, తయారు చేసినవాళ్లు కొత్తవి ఇవ్వలేదు. ఆ పాటల ఫైళ్లు ఇప్పుడు తెరిస్తే ఆ ట్రాకుల దగ్గర ఖాళీ కనిపిస్తుంది. కానీ మావయ్యా, పాట పోలేదు కదా. మిక్స్ చేసిన పాట అందరి ఫోన్లలో ఉంది. పరికరం పోతే పోయింది, పాట మిగిలింది. మీరు దాన్ని తలకిందులు చేస్తున్నారు. పాట లేదు, పరికరం మిగిలింది.

మావయ్య: గట్టిగానే తగిలించావు.

అల్లుడు: ఇంకా ఉంది, వినండి. 1969లో అహ్మదాబాదులో, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజరు పెట్టారు. అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ అనే ఆయన వచ్చి ఆ స్టూడియో కట్టించాడు. రాబర్ట్ మూగ్ ఆ యంత్రాన్ని కనిపెట్టిన అయిదారేళ్లకే అది మన దేశంలో ఉందన్నమాట. 1972 దాకా అక్కడ మనవాళ్లు సంగీతం చేశారు. తర్వాత ఆ సంగతే జనం మర్చిపోయారు. దశాబ్దాల తర్వాత పాల్ పర్గాస్ అనే ఆయన ఆ సంస్థ దాచిన టేపులు వెతికి పట్టుకున్నాడు, 2023లో రికార్డుగా వేశారు. ఇవాళ మనం వింటున్నది ఏంటి? మూగ్ తీగల్నా, టేపుల్నా?

మావయ్య: టేపుల్ని.

అల్లుడు: అదే నేనంటున్నది.

మావయ్య: ఆ టేపు వినాలంటే టేపు రికార్డరు ఆడాలి కదరా. అది కూడా ఆ కాలం నాటిదే. దాని బెల్టు మార్చినవాడు, హెడ్డు తుడిచినవాడు ఎవడో ఒకడు ఉండబట్టే నీ చెవిదాకా వచ్చింది. నువ్వు పాట మిగిలిందంటావు. పాట దానంతటదే మిగలదు. ప్రతి పాట వెనకాలా ఏదో ఒక పరికరం పనిచేస్తూ ఉండాలి, దాన్ని పనిచేయించేవాడు ఉండాలి.

అల్లుడు: సరే, దాన్ని పనిచేయించడం మీకు సాధ్యమా అన్నదే నా అసలు ప్రశ్న. ఆరో గొంతు ఐసీ ఎక్కడ తెస్తారు?

మావయ్య: ఇటు జరుగు, చూపిస్తాను. నిలువుగా నిలబడిన ఈ ఆరు నల్ల పలకలున్నాయే, ఇవే. నంబరు 80017ఏ. ఒక్కో గొంతుకి ఒక్కోటి, ఫిల్టరూ వాల్యూమూ రెండూ దాన్లోనే. ఈ బోర్డు మీద మిగతావన్నీ నాకు అంగట్లో దొరుకుతాయి. కండెన్సర్లు రాజమండ్రిలో, కాస్త అరుదైనవి హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో, అక్కడా లేకపోతే మద్రాసు రిచీ స్ట్రీటులో. ఇదొక్కటే ఏ అంగట్లోనూ లేదు. ప్రపంచంలో ఎవరి జూనో మూగబోయినా ముందు అనుమానించేది దీన్నే.

అల్లుడు: ఎందుకలాగ?

మావయ్య: పైన నల్లగా పూత కనిపిస్తోందా? తేమా దుమ్మూ తగలకుండా కాపాడడానికి పూసిన ఎపాక్సీ. ముప్పై, నలభై ఏళ్లయ్యేసరికి ఆ పూత తత్వం మారి, కరెంటు కొద్దికొద్దిగా దాన్లోంచే కారడం మొదలవుతుంది. ఫిల్టరుకి అందాల్సిన ఓల్టేజీ పక్కదారి పడుతుంది. లోపల ఉన్న చిప్పులు చాలాసార్లు నిక్షేపంలా ఉంటాయి. కాపాడాల్సిన తొడుగే పట్టి చంపుతుంది.

అల్లుడు: మరి దానికి మందు?

మావయ్య: అసిటోన్. మీ చెల్లెలు గోళ్ల రంగు తుడుచుకుంటుందే, దాని అసలు సరుకు. రాజమండ్రిలో కాలేజీ లేబులకి సరుకులమ్మే కొట్లో సీసా తెచ్చాను. మొదట పలకని బోర్డు మీంచి ఊడదీయాలి. అసలు కష్టం అక్కడే. కాళ్లన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఒక్కోదాని దగ్గర సీసం కరిగించి పంపుతో పీల్చాలి. వేడి ఎక్కువైతే బోర్డు మీద రాగి గీత లేచిపోతుంది, తక్కువైతే కాలు రాదు, లాగితే విరుగుతుంది. తీశాక గాజు సీసాలో అసిటోన్ పోసి పలకని ముంచి మూత బిగించాలి. ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. పూత మెత్తబడి ఉబ్బుతుంది. అప్పుడు పట్టకారుతో అంచు నుంచి మెల్లగా ఒలవాలి. తొందరపడితే పూతతోపాటు లోపల ఆవగింజంత రెసిస్టరు కూడా వచ్చేస్తుంది. అది వస్తే ఇక నీ స్టూడియోవాళ్లకే ఇచ్చేయాలి. ఒలిచాక అద్దంలో చూస్తే సన్నగా చిప్పులు కనిపిస్తాయి.

అల్లుడు: అంత చిన్నవా! ఇంతా చేశాక పలుకుతుందని నమ్మకమేంటి?

మావయ్య: నమ్మకం లేదు. చాలాసార్లు పలుకుతుందంటారు. పలక్కపోతే అనలాగ్ రినెసాన్స్ అనేవాళ్లు దీనికి బదులు చిప్పు తయారు చేస్తున్నారు. ఇంకొందరు కూడా చేస్తున్నారు. తెప్పించుకోవాలి.

అల్లుడు: అంటే మీరూ ఎవరి మీదో ఆధారపడ్డట్టే కదా. నేను సాఫ్ట్‌వేరు కంపెనీ మీద, మీరు ఎక్కడో చిప్పు చేసేవాడి మీద. వాడు రేపు కొట్టు మూసేస్తే?

మావయ్య: ఆధారపడకుండా ఎవడురా ఉన్నది? తేడా ఏంటంటే, నా దగ్గర మేప్ ఉంది. చూడు, రోలాండ్ వాళ్ల సర్వీస్ నోట్సు. ఏ తీగ ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తుందో, ఏ పాయింటు దగ్గర ఎంత ఓల్టేజీ ఉండాలో, ఏ ప్రీసెట్ ఎంత తిప్పాలో, అన్నీ అచ్చు వేసి ఇచ్చారు. నేను పని నేర్చుకున్న రోజుల్లో రేడియో మూత విప్పితే లోపల అట్ట మీద సర్క్యూటు బొమ్మ అంటించి ఉండేది. నీకు వస్తువు అమ్మాం, దాని లోపల కూడా నీదే అని చెప్పడం అది. చిప్పు చేసేవాడు కొట్టు మూసేసినా ఆ మేప్ ఉన్నంతకాలం ఇంకొకడు చేయగలడు. ఇప్పుడు చేస్తున్నవాళ్లు అలా చేసినవాళ్లే. నీ సాఫ్ట్‌వేరుకి మేప్ ఎవడిస్తాడు?

అల్లుడు: ఎవరూ ఇవ్వరు. అది నిజమే. ఫోన్లకే ఇప్పుడు గొడవ జరుగుతోంది. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ అని పోర్టల్ పెట్టింది. ఫోన్లు, ఫ్రిజ్జులు, బళ్లు, ట్రాక్టర్లు... మీరడిగేదే అది.

మావయ్య: నేనడిగేదేంటి, మాకు ఒకప్పుడు ఉన్నదే అది. ఇప్పుడు మళ్లీ పోర్టల్ పెట్టి అడుక్కోవాల్సొచ్చింది.

నేను మావయ్య వైపే. అల్లుడి మాటల్లో పస లేదని కాదు. ఒక వస్తువు చెడిపోయినప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుసుకునే హక్కు, తెలుసుకునేంత ఓపిక, ఈ రెండూ ఉన్నప్పుడే అది మనదవుతుందని నేనూ నమ్ముతాను. రసీదు ఆ తర్వాతి సంగతి. ఊరూరా రేడియో కొట్టు ఉన్న రోజుల్లో కోనసీమలో ఈ తెలివి అందరికీ కాకపోయినా సెంటరుకొకరికి ఉండేది. వాల్వు మార్చగల మనిషి ఒకడు పక్క వీధిలో ఉన్నాడన్న ధైర్యం ఊరికంతటికీ చెందేది. అది పోయింది, మనకు తెలియకుండానే పోయింది. అల్లుడి వాదంలో నన్ను ఆపే చోటు ఇంకా రాలేదు. అది ఇప్పుడు వస్తుంది.

అల్లుడు: మీ గురువుగారు హార్మోనియాలు బాగు చేసేవారని చెబుతుంటారు కదా.

మావయ్య: ఆయ్, పద్యనాటకాల సమాజాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఒక్కో రీడు కిటికీ వెలుగులో పెట్టి చూసేవారు. శ్రుతి పెంచాలంటే రీడు కొస దగ్గర గీకాలి, తగ్గించాలంటే మొదట్లో గీకాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే స్వరం దాటిపోతుంది. ఇంట్లో పొయ్యి ఆరిపోయినా ఆయన ఆ గీకుడు ఆపేవారు కాదు.

అల్లుడు: హార్మోనియం కూడా పరదేశమే. 1840ల్లో పారిస్‌లో డెబైన్ పేటెంటు తీసుకున్నాడు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కింద కూచుని ఒక చేత్తో తిత్తి కొడుతూ వాయించేలా మార్చాడు. అప్పుడు మనదైంది. 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో దాన్ని గాలిలోకి రానివ్వకపోయినా మన నాటకాలు దాన్ని వదల్లేదు. ఎందుకు వదల్లేదంటారు? వడ్రంగి పెట్టె చేస్తాడు, తోలు ఊళ్లో దొరుకుతుంది, రీడ్లు గుజరాతులో పాలిటానాలో చేస్తారు. మొత్తం ఈ మట్టిలోనే తయారవుతుంది. మీ జూనో అలా కాలేదు, కాదు. నలభై ఏళ్లయినా మీ ఊళ్లో దీని చిప్పు చేసేవాడు పుట్టలేదు. మీ గురువుగారు మీకు నేర్పారు. మీరెవరికి నేర్పారు? మీ తర్వాత ఈ మేప్ చదివేదెవరు? మీరు దీన్ని ఎంత బాగా బాగుచేసినా ఇది మీతో ఆగిపోయేదే. స్టూడియోలో ఉంటే కనీసం పదిమంది చూస్తారు, వాయిస్తారు.

మావయ్య: ...నేర్చుకోవడానికి ఎవరొచ్చార్రా? రేడియో కొట్టుకి కుర్రాళ్లు వచ్చేవారు. తర్వాత సెల్లు కొట్లకి పోయారు. నిన్ను కూచోబెడదామనుకున్నాను, నువ్వు పదో తరగతి అవగానే హైదరాబాదు బస్సెక్కావు.

అల్లుడు: నా మీదకి తోసేశారు.

మావయ్య: తోయలేదు. నువ్వన్నదానికి నా దగ్గర జవాబు లేదు, అందుకని ఉన్న సంగతి చెబుతున్నాను. హార్మోనియం ఇక్కడ పాతుకున్నట్టు ఇది పాతుకోలేదు. బెంగళూరులో రాజ్ నారాయణ్ గారు 1979లో ఎలక్ట్రానిక్ తంబురా చేశారు. అది పాతుకుంది, చూశావా. భజన గుళ్లో కూడా ఉంటుంది. మనకి కావాల్సిందేంటో చూసి మనవాడు చేశాడు కాబట్టి. సింథసైజరు అలా ఎవరూ చేయలేదు. ఇది మద్రాసులో పడవ దిగింది, స్టూడియోల్లో తిరిగింది, 1988లో కోర్గ్ ఎం1 వచ్చేసరికి అందరూ ఇవన్నీ వదిలించుకోవడం మొదలెట్టారు. అలా వదిలించుకున్నదాన్నే నేను చేతికందిన ధరకి కొన్నాను. అదీ జపాన్ ఇంట్లో వాడే మోడలు, వంద ఓల్టులది. దీనితో ఎప్పుడూ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్లాలి. ఒకసారి పెళ్లి పందిట్లో లైట్లవాడు అది చూడకుండా తిన్నగా ప్లగ్గులో పెట్టేశాడు. ఫ్యూజు పోయింది కాబట్టి బతికింది. 1996 తుపానుకి పెంకులు లేచిపోయినప్పుడు మంచం కింద, పట్టా చుట్టి ఉంది.

అల్లుడు: అన్ని గండాలు గడిచాక ఇప్పుడైనా నీడ పట్టున ఉండనివ్వండి అంటున్నాను. వాయిద్యం తిండి పెట్టాలి మావయ్యా. రెహమాన్ ఇంట్లో వాళ్ల నాన్నగారు పోయాక ఆయన పరికరాల్నే అద్దెకి తిప్పి బతికారు. ఆ కుర్రాడే తర్వాత మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ చూడండి. రోలాండ్ వాళ్ల జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 కొన్నాడు, 1982లో వాటి మీద పది రాగాలు డిస్కో దరువుతో వాయించి రికార్డు వేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ వేస్తే ప్రపంచం నివ్వెరపోయింది. ఆయన వాటిని గుడ్డ కప్పి దాచలేదు, వాయించాడు. మీకు మాత్రం ఈమధ్య పాట కన్నా మరమ్మతు మీదే మోజు.

మావయ్య: మరమ్మతు వేరు, వాయించడం వేరు అని ఎవరు చెప్పారు నీకు? ఇలా రా. ఈ రెజొనెన్స్ మీట పూర్తిగా పైకి నెట్టాను. ఇప్పుడు తరంగాలన్నీ ఆపేసి మెట్టు నొక్కినా ఫిల్టరే ఈల వేస్తుంది, విను. సర్వీస్ నోట్సులో ఏం చెప్పాడంటే, ఒక్కో గొంతులో ఆ ఈల ఒకే స్థాయిలో వచ్చేదాకా ప్రీసెట్ తిప్పాలి. నాలుగు గొంతులకి తిప్పేసరికి నాకు ఆ ఈల ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ పల్చబడుతుందో వేలికి తెలిసిపోయింది. ఊరేగింపులో నాగుపాము పాట అడిగేవారు చూడు. 1954లో నాగిన్ సినిమాలో జనం అందరూ నాగస్వరమనుకున్నది క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె. కల్యాణ్‌జీ వాయించాడు. ఆ వంపు ఈ యంత్రంలో నాకు ఏళ్ల తరబడి దొరకలేదు. శ్రుతి మీటతో ప్రయత్నించేవాణ్ని. ప్రీసెట్లు తిప్పాకే ఫిల్టరుతో వంచాలని అర్థమైంది. ఇదిగో.

అల్లుడు: ...ఇంకోసారి వాయించండి.

మావయ్య: ఐదోసారి గరగరమంటుంది, ఆరోసారి పలకదు. ఓర్చుకుని విను.

అల్లుడు: బాగుంది మావయ్యా. నిజంగా బాగుంది. నా దగ్గర ఇలా రాదు. అదే మీట నా తెర మీదా ఉంది, నేనెప్పుడూ అంత దూరం నెట్టలేదు.

మావయ్య: ఈ కంపెనీ పెట్టిన కకెహాషి ఎవరనుకున్నావు? కుర్రాడప్పుడు గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. తర్వాత రేడియోలు. 1972లో రోలాండ్. నాలాంటి బల్ల దగ్గర్నుంచే లేచాడు. టీఆర్-808 అన్నావే, అందులో ఆ సుయ్‌మనే శబ్దం కోసం లోపమున్న ట్రాన్సిస్టర్లు ఏరి కొన్నాడట. ట్రాన్సిస్టర్లు చేసేవాళ్లు పనితనం మెరుగుపరుచుకుని లోపాలు లేకుండా చేయడంతో ఆ సరుకు దొరక్క మోడలే ఆపేయాల్సొచ్చింది. చెడిపోయినదాన్ని చేత్తో పట్టుకుని, ఇందులో ఏముందో అని చూసేవాడికే అలాంటి ఆలోచన వస్తుంది. నీ ల్యాప్‌టాపూ ఈ జూనో మాట్లాడుకునే మిడి ఉందే, దానికి 2013లో కకెహాషికీ డేవ్ స్మిత్‌కీ గ్రామీ ఇచ్చారు. 1984 నాటి ఈ పెట్టె నీ ఈ ఏటి ల్యాప్‌టాప్‌తో ఇప్పటికీ మాట్లాడుతుంది. నీ అయిదేళ్ల కిందటి ఫోను ఛార్జరు నీ ఇప్పటి ఫోనుకి పడుతుందా?

అల్లుడు: పడదు. కానీ జపాన్ వాడికి వాళ్ల పరికరం మీద ప్రేమ ఉండడం సహజం.

మావయ్య: అక్కడా పోగొట్టుకోబోయారు. 2006లో కొత్త భద్రతా ముద్ర లేని పాత ఎలక్ట్రికల్ సామాను అమ్మకూడదని చట్టం అమలుకొచ్చింది. పాత సింథసైజర్లు, యాంప్లిఫయర్లు అన్నీ సెకండ్ హ్యాండు అంగళ్లలోంచి మాయమయ్యేవే. ర్యుయిచి సకమోటో లాంటివాళ్లు సంతకాలు సేకరించి గొడవ చేస్తే ప్రభుత్వం పాత వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చింది. సంగీతం చేసేవాళ్లే నోరు విప్పారు. నువ్వూ సంగీతం చేసేవాడివే.

అల్లుడు: నేను నోరు విప్పుతూనే ఉన్నాను, మీరే ఒప్పుకోవడం లేదు. సరే, మధ్యే మార్గం చెబుతాను. అమ్మొద్దు. ఆరు గొంతులూ పలికాక నాకివ్వండి, నా స్టూడియోలో పెడతాను. వాడతాను. మీకు అద్దె ఇస్తాను.

మావయ్య: అద్దె ఎవడికి కావాలి? ఒక షరతు మీద ఇస్తాను. ఆరో గొంతు నువ్వు ఊడదియ్యి.

అల్లుడు: నేనా? నా చేత్తో కాలు విరిగితే?

మావయ్య: విరిగితే సన్నటి తీగ అతికించి ఇంకో కాలు పెట్టడం చూపిస్తాను. అది కూడా నేర్చుకోవాల్సిందే. నా తర్వాత ఈ మేప్ ఎవడు చదువుతాడని అడిగావు కదా.

అల్లుడు: నాకు సోమవారం రికార్డింగు ఉందండి.

మావయ్య: ఇవాళ శుక్రవారమే. ఇప్పుడు తీసి అసిటోన్‌లో వేస్తే ఆదివారం పొద్దున్నకి పూత వస్తుంది. అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పు, భోజనానికి ఉంటానని.

అల్లుడు: ఉంటాను. కానీ అమ్మే మాట నేను వదల్లేదు. పాతుకోలేదని మీరే అన్నారు. రేపు మళ్లీ ఎత్తుతాను.

మావయ్య: ఎత్తు. ముందు ఆ ఐరన్ ప్లగ్గులో పెట్టు, వేడెక్కాలి. స్టెప్‌డౌన్‌లో కాదు, పక్కదాంట్లో.